రెండు నగరాల నడిమి ఆకాశం

రెండు దూర నగరాల నడుమ గగన మార్గాన ఎంత దూరమని అడిగితే గణితజ్ఞుడు ఒక సంఖ్య చెప్పి ఊరుకుంటాడు. అదే ప్రశ్న కవిని అడిగితే ఆయన వెంటనే బదులు చెప్పలేడు. ఎవరు పోతున్నారు, ఎవరి కోసం పోతున్నారు, తిరిగి రావలసి ఉన్నదా లేదా అని ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఈ ఇద్దరిలో ఎవరి మాట సత్యమన్నది ఇక్కడ వివాదాంశం కాదు. గణితజ్ఞుని సంఖ్య సత్యమే. అయితే ఆ సంఖ్య ఏమి చెబుతున్నది, ఏమి చెప్పక విడిచిపెడుతున్నది అన్న విచారణ సాహిత్య విమర్శకు తప్పనిది. ఆకాశ మార్గాన దూరాన్ని దాటటమనే వస్తువు విమానం పుట్టక పూర్వమే భారతీయ కావ్యాలకు సుపరిచితం. విమానం పుట్టిన తరువాత ఆ వస్తువు సాహిత్యంలో పలచబడినదేమో అని శంకించవలసిన స్థితి ఏర్పడినది.

ముందుగా సంఖ్యనే పరిశీలించటం న్యాయం. నేటి తెలుగు కుటుంబాలు అనేకం ఎరిగిన రెండు నగరాలను తీసుకోవచ్చు. హైదరాబాదుకూ షికాగోకూ నడుమ గగన దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. గోడకు వేలాడే ప్రపంచ పటం, మెర్కేటర్ పద్ధతిలో గీసినది, ఈ దూరాన్ని మరొక విధంగా చూపుతుంది. ఆ పటం మీద రెండు ఊళ్ళనూ కొలబద్దతో కలిపితే గీత పడమటికి సాగి, అరేబియా, లిబియా, మొరాకోల మీదుగా అట్లాంటిక్ సముద్రాన్ని దాటుతుంది. ఆ గీతను నమ్మి పోయినవాడు 16,000 కిలోమీటర్లకు పైగా పోవలసి వస్తుంది. భూమి గోళం, పటం చదును. చిక్కంతా అక్కడ ఉన్నది. గోళం మీద రెండు చోట్ల నడుమ అతి తక్కువ దారి, గోళాన్ని సరిగా సగానికి కోసే మహావృత్తం మీద ఉంటుంది. ఆ దారి పట్టిన విమానం హైదరాబాదు నుండి పడమటికి పోదు. కొంచెం పడమటికి ఒరిగి, దాదాపు నేరుగా ఉత్తరానికి బయలుదేరి, ఉత్తర ధ్రువానికి పదకొండు డిగ్రీల దాపు వరకు పోయి, అక్కడినుండి దక్షిణానికి దిగుతుంది. గాలులూ, దేశాల మధ్య కలహాలూ, దిగుటకు వీలైన విమానాశ్రయాలూ ఈ శుద్ధమైన దారిని అటూ ఇటూ వంచుతాయి. అయినా లెక్క ఈ వృత్తం మీదనే నిలుస్తుంది. కంటికి వక్రంగా కనిపించే దారి నిజానికి దగ్గరి దారి కావటం, కంటికి ఋజువుగా కనిపించే గీత నిజానికి దూరపు దారి కావటం ఇందులోని విశేషం.

దక్షిణాపథం నుండి ఉత్తరానికి బయలుదేరిన మరొక ఆకాశ యాత్రికుడు భారతీయ సాహిత్యానికి చిరపరిచితుడు. రామగిరి మీద శాపగ్రస్తుడై ఉన్న యక్షుడు అలకా నగరంలో ఉన్న భార్యకు మేఘం చేత సందేశం పంపినాడు. ఆ రామగిరి నాగపూరు సమీపంలోని రామ్‌టెక్ అని వి. వి. మిరాశీ మొదలైన పండితుల అభిప్రాయం. అలక భూపటంలో దొరకని నగరం; అయినా కాళిదాసు దానిని కైలాస పర్వతపు ఒడిలో నిలిపినాడు గనుక ఆ శిఖరాన్నే గమ్యంగా తీసుకోవచ్చు. రామ్‌టెక్ నుండి కైలాసానికి గగన మార్గాన దూరం సుమారు 1,090 కిలోమీటర్లు. దారి దాదాపు నేరుగా ఉత్తరానికి. మేఘం ఈ దారిని పోయినదా అంటే, పోలేదు. పోనీయలేదు అనటం మేలు. విదిశ, ఉజ్జయిని, దశపురం, కురుక్షేత్రం, కనఖలం ఒకదాని వెంట ఒకటిగా తాకుతూ పొమ్మని యక్షుడు నిర్దేశించినాడు. దశపురాన్ని నేటి మంద్‌సౌర్‌గా, కనఖలాన్ని హరిద్వారం చెంత ఉన్న కంఖల్‌గా గ్రహించి ఈ మజిలీలను ఒక్కొక్కటిగా కొలిచి కూడితే దూరం సుమారు 1,750 కిలోమీటర్లు అవుతున్నది. నేరు దారి కంటె ఇది ఒకటిన్నర రెట్లకు మించినది.

యక్షునికి తొందర లేదా? ఆయన కంటె తొందర గలవారు కావ్య ప్రపంచంలో అరుదు. భార్య బ్రతికి ఉంటుందో లేదో అన్న భయం ఆయనను దహిస్తున్నది. శాపం తీరటానికి ఇంకా నాలుగు నెలలు ఉన్నవి. అట్టివాడు, ఉత్తరానికి పోయేవానికి దారి వంకర అవుతుందని తానే ఒప్పుకొంటూ, ఉజ్జయినిని చూడక పోవద్దని మేఘాన్ని అడుగుతున్నాడు. దీనిని వర్ణనాసక్తి అని కొందరు తేల్చివేసినారు. కవికి ఉజ్జయిని మీద మమకారం ఉన్నది, కథను ఆపి తన ఊరిని పొగడుకొన్నాడు అన్నది వారి వాదం. మమకారం ఉన్న మాట నిజమే. కాని కావ్యంలోని తర్కం అంతకంటె గట్టిది. మేఘం నీటితో నిండిన వాహకం. అలసినప్పుడు కొండల మీద ఆగాలి. కురిసి తరిగినప్పుడు నదుల నీరు త్రాగాలి. రేవ, వేత్రవతి, శిప్ర, చర్మణ్వతి లేకపోతే అలక చేరక మునుపే మేఘం రిక్తమైపోతుంది. నడిమి దేశం మేఘానికి ఆహారం. నేరు దారిన పోయిన మేఘం చేరినా, దాని దగ్గర చెప్పటానికి గర్జన మిగలదు. కావ్యంలో సగానికి పైగా భాగం దారికే చెల్లటంలోని ఔచిత్యం ఇదే. సందేశం చిన్నది, దానిని మోయగల శక్తిని కూర్చేది మార్గం.

ఈ సందర్భంలో ఉజ్జయినికి ఉన్న మరొక ప్రతిష్ఠను గుర్తు చేసుకోవలసి ఉన్నది. భారతీయ జ్యోతిర్గణితానికి ఆ నగరం మధ్యరేఖ. లంక, అవంతి, కురుక్షేత్రాల మీదుగా పోయే ఆ రేఖ నుండి తక్కిన ఊళ్ళ దూరాలను లెక్కించినారు. ఐదవ శతాబ్ది చివర పుట్టిన ఆర్యభటీయంలో లంకకూ ఉజ్జయినికీ నడుమ దూరం భూపరిధిలో పదహారవ పాలు అని ఉన్నది. ఆ లంక భూమధ్యరేఖ మీద గణకులు నిలిపిన స్థానం. రావణుని రాజధాని అని భ్రమపడరాదు. భూపరిధి సుమారు 40,000 కిలోమీటర్లు గనుక పదహారవ పాలు 2,500 కిలోమీటర్లు అవుతుంది. నేటి కొలతకు భూమధ్యరేఖ నుండి ఉజ్జయిని 2,560 కిలోమీటర్ల దరిని ఉన్నది. పక్షికి తప్ప ఎవరికీ నేరుగా పోను వీలులేని దూరాన్ని, నీడలనూ నక్షత్రాలనూ చూసి ఇంత దగ్గరగా చెప్పటం సామాన్య విషయం కాదు. గణకునికి ఉజ్జయిని దూరాలను కొలిచే చోటు. కవికి అదే ఊరు దూరాన్ని మరచి ఆగే చోటు. ఒక్క నగరమే రెండు విద్యలకూ కేంద్రమైనది. అవి ఒకదానినొకటి కాదనుకోలేదు.

కాళిదాసే మరొక గగన యాత్రను రఘువంశం పదమూడవ సర్గలో చిత్రించినాడు. అది కూడా రెండు దూర నగరాల నడిమి యాత్ర: లంక నుండి అయోధ్యకు. రామేశ్వరం తీరం నుండి లెక్కించినా అయోధ్య గగన మార్గాన సుమారు 1,970 కిలోమీటర్లు. పోయేటప్పుడు రాముడు ఈ దూరాన్ని పదునాలుగేండ్ల అరణ్యవాసంలో, అడుగు వెంట అడుగుగా నడిచినాడు. వచ్చేటప్పుడు పుష్పకం మీద వచ్చినాడు. సర్గ అంతా రాముడు సీతకు క్రిందనున్న దేశాన్ని చూపటమే. సముద్రం వెనుకకు జరుగుతూ ఉండగా అడవులతో కూడిన భూమి ఆ నీటిలో నుండి వెలికి వస్తున్నట్లు కనిపించటం వంటి దృశ్యాన్ని, విమానం ఎక్కని కవి ఊహించటం నేటి పాఠకుని విస్మయపరుస్తుంది. అయితే అంతకంటె విలువైనది మరొకటి ఉన్నది. సీత అందె రాలిపడి దొరికిన చోటు, మాల్యవంతం మీద ఒంటరిగా గడిపిన వర్షాకాలం, పంచవటి, గోదావరి మీద లేచిన బెగ్గురు పక్షుల బారు, చిత్రకూటం: ఇవి అన్నీ పై నుండి గుర్తుకు వస్తున్నవి. క్రింద నడిచినవాడు గనుక పై నుండి గుర్తించగలిగినాడు. నడవనివాడు ఆ విమానంలో కూర్చున్నా ఆయనకు ఆకుపచ్చని మరకలూ వెండి గీతలూ తప్ప మరేమీ కనిపించవు.

వాల్మీకి పుష్పకం దారిలో ఆగుతుంది కూడా. కిష్కింధ దగ్గర ఆగి వానర స్త్రీలను ఎక్కించుకొన్నది. భరద్వాజాశ్రమం దగ్గర మరల దిగినది. పదునాలుగేండ్ల గడువు ముగిసినది, ఆలస్యమైతే భరతుడు అగ్నిప్రవేశం చేస్తాడన్న భయమూ ఉన్నది. అయినా దారిలోని బంధాలను దాటి పోవటం ఆ ప్రయాణ ధర్మం కాలేదు. పిమ్మట వచ్చిన సందేశకావ్యాలలో వేదాంత దేశికుల హంససందేశం ఈ సంప్రదాయానికి మంచి ఉదాహరణ. మాల్యవంతం నుండి లంకకు పోయే హంస, రాముని మాట మీద తూర్పు దారిని పట్టి వేంకటాద్రిని, కాంచిని, శ్రీరంగాన్ని చూసుకొంటూ పోయినది. కాంచి దేశికుల వారి స్వస్థలమని వేరే చెప్పనవసరం లేదు. ఏ కవి హంస ఏ ఊరి మీదుగా పోయినదో చూస్తే ఆ కవి హృదయం ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది.

తెలుగు కావ్యాలలో ఈ సమస్యను తక్కినవారి కంటె తీక్ష్ణంగా చూసినవాడు అల్లసాని పెద్దన. మనుచరిత్రలో ప్రవరుడు అరుణాస్పదపుర వాసి, నిత్యాగ్నిహోత్రి, తీర్థయాత్రల మీద తీరని కోరిక గలవాడు. ఇంటికి వచ్చిన సిద్ధుడు కేదారమూ హింగుళా మొదలైన దూర క్షేత్రాల ముచ్చట చెబుతాడు. ఈ పడుచు వయసులో ఇన్ని దేశాలు ఎట్లా చూడగలిగినారన్న ప్రవరుని సందేహానికి సమాధానంగా పాదలేపం లభిస్తుంది. ఆ లేపం పూసుకొని ప్రవరుడు హిమగిరి చేరుకొంటాడు. ఇందులో దారి లేదు. అరుణాస్పదానికీ హిమాలయానికీ నడుమ ఎన్ని నదులు ఉన్నవో, ఎన్ని ఊళ్ళు ఉన్నవో పెద్దన చెప్పడు. చెప్పలేక కాదు; వర్ణనకు పెట్టినది పేరైన కవి. ఇంటి గడప తరువాత హిమవంతపు శిఖరాలే కనిపించటం కథలో ప్రాణస్థానం. మేఘానికి నడిమి దేశమే సర్వస్వం. ప్రవరునికి నడిమి దేశం సున్న.

ఆ సున్నకు మూల్యం తిరుగు ప్రయాణంలో చెల్లించవలసి వచ్చినది. మధ్యాహ్నమైనది, ఇంటికి పోయి నిత్యకర్మలు చేసుకోవాలని తలచేసరికి మంచు నీటికి లేపం కరిగిపోయినది. వచ్చేటప్పుడు లేని దూరం ఒక్కసారిగా కొండలై, లోయలై ఎదుట నిలిచినది. దారి ఎరుగడు; ఎవరిని అడగాలో ఎరుగడు. నడిచి వచ్చినవాడైతే వచ్చిన దారినే తిరిగి పోగలిగేవాడు. వరూధిని ఘట్టాన్ని శృంగార దృష్టితో, ధర్మ దృష్టితో వ్యాఖ్యానించినవారు చాలామంది. దూరం దృష్టితో చూస్తే ఆ ఘట్టానికి మరొక అర్థం స్ఫురిస్తుంది. ప్రవరుడు ఆమెను మొదట అడిగినది దారి. వరూధిని ఆయనకు ఇవ్వజూపినది ఉండిపోవటం. రాకను సులభం చేసిన విద్య పోకను గురించి ఏమీ చెప్పలేదు. చివరకు ఆయనను ఇల్లు చేర్చినది మరొక లేపం కాదు, నిత్యం ఆరాధించిన అగ్నిదేవుడు. విడిచి వచ్చిన ఇంటితో తెగని సంబంధమే తిరుగు దారి అయినది. పదహారవ శతాబ్దిలో ఒక తెలుగు కవి, వేగయానానికి సంబంధించిన ఈ మూల సత్యాన్ని ఇంత నిశ్చయంగా పట్టుకోవటం గమనార్హం.

ప్రవరునికి సరిగా ఎదురు కొనలో ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. మదరాసు సుప్రీం కోర్టులో ఉద్యోగం చేసిన ఆయన 1830 మే 18న పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినాడు. మదరాసుకూ వారణాసికీ నడుమ గగన దూరం సుమారు 1,390 కిలోమీటర్లు. నేటి విమానానికి రెండున్నర గంటల లోపు పని. వీరాస్వామయ్య రాకపోకలకు పదిహేను నెలలకు పైగా పట్టినది. హైదరాబాదు, నాగపూరుల మీదుగా పోయి, కలకత్తా చూసుకొని, గంజాం సీమ గుండా తూర్పు తీరాన వచ్చినాడు. మేఘం బయలుదేరిన రామగిరి ప్రాంతాన్ని ఆయన పల్లకి దాటినదన్న మాట. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు వ్రాసిన లేఖల నుండి 1838లో వెలువడిన కాశీయాత్ర చరిత్రలో ఊరికీ ఊరికీ నడుమ దూరం, బాట మెరకో పల్లమో, బావిలో నీరు మంచిదో కాదో, ఏ వస్తువు దొరుకుతుందో దొరకదో అన్నీ వరుసగా ఉన్నవి. ఇందులో అలంకారాలు లేవు. అయినా ఇది తెలుగు వచనంలో చిరస్థాయిగా నిలిచినది. నడుమనున్న ఒక్క మజిలీని కూడా తక్కువ చేసి చూడని శ్రద్ధ ఆ వచనానికి గౌరవం తెచ్చినది. కాశీ ఎంత ముఖ్యమో కాశీకి పోయే దారిలోని బావి కూడా అంత ముఖ్యం అనుకొన్నవాడే అట్లా వ్రాయగలడు.

ఈ సంప్రదాయాల తరువాత విమానం వచ్చినది. సందేశాన్ని ఆకాశాన పంపే కల కావ్యాల నుండి దిగి నేల మీదికి వచ్చిన తేదీ కూడా ఉన్నది: 1911 ఫిబ్రవరి 18. ఆ రోజున ఫ్రెంచి వైమానికుడు హెన్రీ పెకే అలహాబాదు నుండి యమునను దాటి నైనీకి సుమారు 6,500 ఉత్తరాలు మోసికొని పోయినాడు. దూరం పది కిలోమీటర్ల మాత్రమే. ప్రపంచంలో అధికారికమైన మొదటి విమాన తపాలా అదే. పుష్పకం నుండి రాముడు సీతకు గంగా యమునల సంగమాన్ని చూపిన ప్రయాగ ఆకాశంలోనే ఇది జరగటం చరిత్రలోని చమత్కారం. తరువాత పాతికేండ్లలో విమాన తపాలా నుండి ఒక గొప్ప రచయిత కూడా పుట్టినాడు. ఫ్రెంచి రచయిత సేంత్ ఎక్సుపెరీ తపాలా విమానాలను నడిపినవాడు. 1939లో ప్రచురించిన గ్రంథంలో, బాటలు మనుష్యులను ఇన్నాళ్ళూ మోసగించినవని, నీరున్న చోటికీ పంట ఉన్న చోటికీ వంకరలు తిరిగి భూమి అంతా సస్యశ్యామలమన్న భ్రాంతి కల్పించినవని, విమానమే భూమి అసలు రూపాన్ని చూపినదని వాదించినాడు. విమానం నడిమి దేశాన్ని తప్పక చెరిపివేస్తుంది అనేవారికి ఈ వాదం సమాధానం. అయితే ఆయన విమానం నేలకు దగ్గరగా ఎగిరేది, తరచుగా దిగేది, అప్పుడప్పుడు కూలేది. ఎడారిలో కూలి దప్పికతో నడిచినవాడు గనుక ఎడారిని గురించి వ్రాయగలిగినాడు.

నేటి విమానం భూమికి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కిటికీ రెప్పలు దించివేస్తారు. ప్రయాణికుని ఎదుట చిన్న తెర మీద మిగిలిన దూరం సంఖ్యగా తరుగుతూ ఉంటుంది. ఇంతకంటె ప్రవరుని లేపానికి దగ్గరి వస్తువు మరొకటి కనిపెట్టబడలేదు. ఆ ప్రభావం ఆధునిక తెలుగు రచన మీద పడినది. ప్రవాస జీవితాన్ని చిత్రించే అనేక కథలలో పదమూడు వేల కిలోమీటర్ల ప్రయాణానికి దక్కేది ఒక్క వాక్యం. విమానం ఎక్కినట్లు ఒక పేరా ముగుస్తుంది. దిగినట్లు మరొక పేరా మొదలవుతుంది. యాత్రారచనలలో కూడా విమానాశ్రయం నుండి విమానాశ్రయానికి కథ దూకుతున్నది. విమానం మారటానికి దుబాయిలోనో దోహాలోనో గడిపిన గంటలు నిద్రలేమి గురించిన ఫిర్యాదుగా తప్ప రచనలోకి రావటం అరుదు. తెలుగు కార్మికులు వేలాదిగా చెమటోడ్చిన ఆ ఊళ్ళు రచయితకు మార్గమధ్యంలోని ఉజ్జయినులు కాలేకపోయినవి.

ఇది రచయితలను నిందించటం కాదు. ఇక్కడ ఒక ఆక్షేపణను గౌరవించి సమాధానం చెప్పవలసి ఉన్నది. దూరం తరగటం మానవునికి మేలు. తల్లి కడపటి గడియల్లో ఉన్నదని తెలిసిన కొడుకుకు నడిమి దేశపు అందాలతో ఏమి పని? ఆ కొడుకుకు సంఖ్యే ప్రాణం. ఆ సంఖ్య గంటలలోకి మారినందుకు ఆయన కృతజ్ఞుడు. దీనిని ఎవరూ కాదనలేరు. పల్లకి కాలానికి తిరిగి పొమ్మనే విమర్శ హాస్యాస్పదం. కాని అట్టి కొడుకును గురించి వ్రాసే రచయిత బాధ్యత వేరు. ఆ పదహారు, పదిహేడు గంటలు ఆ మనిషి మీద ఏమి చేసినవి? పై నుండి ఏదీ చూడలేక, క్రింద ఎవరితోనూ మాటాడలేక గడిపిన ఆ కాలమే ఆ ప్రయాణంలోని నడిమి దేశం. దానికి నదుల పేర్లు లేకపోవచ్చు; కాని అది సున్న కాదు. యక్షుడు కూడా వేగం కోరినవాడే. అట్లా కోరినవాని నోటనే కాళిదాసు మార్గాన్ని చెప్పించినాడు. తొందరకూ మార్గానికీ విరోధం లేదని, ఎంత తొందర ఉంటే మార్గం అంత స్పష్టంగా కంటికి కడుతుందని మేఘసందేశం నిరూపించినది.

మరొక మాట. సంఖ్య రాకపోకలకు ఒకటే. షికాగో నుండి హైదరాబాదుకు కూడా అదే 13,280. కాని ఉత్తరార్ధగోళంలో ఎత్తున వీచే బలమైన పడమటి గాలుల వల్ల, తూర్పు పడమరలుగా సాగే చాలా మార్గాలలో తూర్పుకు పోయే విమానం త్వరగా చేరుతుంది, పడమటికి పోయేది ఆలస్యంగా చేరుతుంది. దూరం ఒకటే అయినా పోక, రాక ఒకటి కావని ప్రకృతే చెబుతున్నది. ప్రవరుని కథ కూడా చెప్పినది ఇదే. ప్రవాస సాహిత్యంలో తిరుగు ప్రయాణం మీద వ్రాసిన రచనలు తరచుగా పోక మీద వ్రాసినవాటి కంటె లోతుగా ఉండటానికి కారణం ఇక్కడ వెదకవచ్చు. లేపం కరిగిన తరువాతనే దూరం అనుభవానికి వస్తుంది.

ఈ విచారణ భారతీయ భాషల రచయితలందరికీ మరొక విధంగా వర్తిస్తుంది. అనువాదం కూడా రెండు నగరాల నడిమి ప్రయాణమే. తెలుగుకూ అస్సామీకీ, తెలుగుకూ కాశ్మీరీకీ నడుమ నేరు దారి ఉండవలసినది. కాని ఆ దారిన పోయేవారు తక్కువ. అట్టి భాషల నుండి వచ్చే గ్రంథం తరచుగా హిందీలోనో ఇంగ్లీషులోనో దిగి, అక్కడ విమానం మారి తెలుగుకు చేరుతున్నది. మేఘం వంకర దారిని మెచ్చుకొన్న విమర్శకుడు ఈ వంకర దారిని ఎందుకు మెచ్చుకోరాదు అని ఎవరైనా అడగవచ్చు. సమాధానం సులభం. మేఘం ఉజ్జయినిలో ఆగి శిప్ర నీరు త్రాగినది, మహాకాలుని సంధ్యార్చనలో తన గర్జనను వాద్యంగా సమర్పించినది. మధ్యభాష మీదుగా వచ్చే అనువాదం ఆ మజిలీలో ఏమీ త్రాగదు. మూలంలోని నీటిని కొంత పారబోసి పోతుంది. ఊళ్ళో అడుగు పెట్టక విమానాశ్రయంలో గడిపిన మజిలీకీ, మూడు రాత్రులు నిద్రించిన మజిలీకీ ఉన్నంత భేదం ఇందులో ఉన్నది.

మధ్యభాష అనువాదకునికి పాదలేపం వంటిది. పోక సులభం. తిరుగు ప్రయాణంలో దాని బలం తెలుస్తుంది. తెలుగులోకి వచ్చిన వాక్యాన్ని మరల మూల రచయిత ఇంటికి తీసికొని పోగలమా, అక్కడివారు దానిని తమదిగా గుర్తిస్తారా అన్నది పరీక్ష. వంట ఇంటిలో వాడే పాత్ర పేరు, చిన్నవాడు పెద్దవానిని పిలిచే పిలుపు, ఏటి మీది పడవ రకం మధ్యభాషలోనే కరిగిపోయి ఉంటే, తెలుగు పాఠకుడు ఆ గ్రంథం నుండి వెనుకకు పోవటానికి దారి ఉండదు. ఇందుకు భిన్నంగా చక్రపాణి వంగభాషను నేర్చి శరత్ నవలలను తెలుగు చేసినాడు. ఆ నవలలు తెలుగు పాఠకుల ఇంటి కథలై నిలిచినవంటే, నడిమి దేశాన్ని అనువాదకుడు తన కాళ్ళతో నడిచినందువల్లనే. ఒక భాషను నేర్వటానికి పట్టే సంవత్సరాలు వీరాస్వామయ్య పదిహేను నెలల వంటివి. వాటిని మిగుల్చుకొందామనుకొన్నవాడు మిగుల్చుకొన్నది కాలం. పోగొట్టుకొన్నది బావులూ, బాటలూ, మజిలీలూ.

కాబట్టి రెండు నగరాల నడుమ గగన దూరాన్ని చెప్పే సంఖ్యను రచయితలు ఎరిగి ఉండవలసినదే. అది అబద్ధం చెప్పదు. చదునైన పటం కల్పించే భ్రమను కూడా తొలగిస్తుంది. అయితే కావ్యం మొదలయ్యేది ఆ సంఖ్యను ఎరిగిన తరువాత, దానికి ఎన్ని కిలోమీటర్లు ప్రేమతో కలపవచ్చో నిర్ణయించుకొన్నప్పుడు. మేఘసందేశంలో ఆ కలిపినది సుమారు 660 కిలోమీటర్లు. ప్రవాస కథ వ్రాసేవారు, యాత్ర వ్రాసేవారు, ఒక భాష నుండి మరొక భాషకు గ్రంథాన్ని మోసేవారు తమ తమ రచనలలో ఆ అదనపు దూరం ఎంత ఉన్నదో ఒకసారి కొలిచి చూసుకోవటం మంచిది.